మోతకు మేలుకునే మందు

ఒడిశాలోని డొరగుడ అల్యూమినా కర్మాగారంలో నా పని పైపుల మందం కొలవడం. బాఫ్లిమాలి కొండ బాక్సైటును వేడి కాస్టిక్ సోడాలో కరిగించే చోట, ఆ బురద ఒరుసుకుపోయే పైపు లోపల ఎంత అరిగిందో కోసి చూడలేం. జెల్ పూసి, ప్రోబ్ ఆనించి, అల్ట్రాసౌండ్ వెళ్లి తిరిగొచ్చిన వ్యవధిని బట్టి మందం తేలుస్తాం. స్కానింగ్ సెంటర్లో పొట్ట మీద పూసే జెల్ కూడా ఇందుకే. మధ్యలో గాలి పొర ఉంటే శబ్దం లోపలికి పోదు.

మా పనిలో శబ్దం కబురు తెస్తుందంతే, లోపల దేన్నీ కదపదు. అందుకే అదే శబ్దంతో క్యాన్సర్ మందును నిద్రలేపుతున్నారని తెలిసి, పని ఆపి మరీ చదివాను.

ముందు పాత మందుల సంగతి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను 1947లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చారు. ఆ తరం మందులు వేగంగా పెరిగే ఏ కణాన్నయినా దెబ్బతీస్తాయి. నోరు పూస్తుంది, రక్తం తగ్గుతుంది. ఇప్పటి ప్రోటాక్ మందుల దారి వేరు. కణంలో వద్దనుకున్న ప్రోటీన్‌కు యుబిక్విటిన్ అనే గుర్తు తగిలితే ప్రోటియసోమ్ దాన్ని ముక్కలు చేస్తుంది (ఇది కనిపెట్టినవాళ్లకు 2004లో నోబెల్ వచ్చింది). ప్రోటాక్ ఒక చివరతో చెడ్డ ప్రోటీన్‌ను, రెండో చివరతో గుర్తు తగిలించే ఎంజైమ్‌ను పట్టుకుని ఇద్దరికీ కొంగుముడి వేస్తుంది. పనయ్యాక తాను విడివడి మరో ప్రోటీన్ మీదికి పోతుంది. 2001లో క్రూస్, డెషేస్ అనే శాస్త్రవేత్తల బృందాలు దీన్ని చేసి చూపాయి.

చిక్కల్లా, ఆ ప్రోటీన్ మంచి కణాల్లోనూ ఉండొచ్చన్నదే. కాబట్టి మందుకు మూత వేసి, శబ్దానికి స్పందించే పదార్థంతో కలిపి పంపుతారు. గడ్డ మీద అల్ట్రాసౌండ్ పెట్టగానే చురుకైన ఆక్సిజన్ పుట్టి మూతను తెంపుతుంది. కాంతితోనూ తెరవొచ్చు గానీ అది ఒంట్లో పైపైనే ఆగిపోతుంది. శబ్దం సెంటీమీటర్ల లోతుకు చేరుతుంది.

నా చేతికి తెలిసిన అనుమానం ఒకటుంది. ప్రోబ్ ఆనించిన చోటి సంగతే తెలుస్తుంది, పక్క వంపులో అరుగుదల తెలియదు. శబ్దంతో లేపే మందూ అంతే. ఎక్కడుందో తెలిసిన గడ్డకు సరే, ఒళ్లంతా పాకినదానికి కష్టం. ఊపిరితిత్తుల గాలీ, ఎముకా అడ్డుపడతాయి.

శబ్దంతో ప్రోటాక్‌ను లేపడం ఇంకా ప్రయోగశాలలో, ఎలుకల మీదే. ఈ చికిత్స ఉందని ఎవరైనా డబ్బు కట్టమంటే కట్టకండి. గడ్డ తగిలితే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లి ముందు పరీక్ష చేయించుకోండి.