జాడ దొరకని ముత్తాత

లాంకషైరులోని ఒక సామాన్య నేతగాని మునిమనుమడు తన ముత్తాత ఎవరో తెలిసికొనగోరినచో వానికి మూడు విధములైన గ్రంథములు సిద్ధముగా నుండును. 1538లో థామస్ క్రాంవెల్ ఆజ్ఞమేరకు ప్రతి చర్చియందును వ్రాయ నారంభించిన బాప్తిస్మ వివాహ ఖననముల చిట్టాలు మొదటివి. 1837 జూలై 1 నుండి ప్రభుత్వమే నడిపిన జనన మరణ వివాహముల రిజిస్టర్లు రెండవవి. 1841 మొదలు పదేండ్లకొక పర్యాయము ఇంటింటివారి పేరులతో వ్రాసి భద్రపరచిన జనాభా లెక్కల పత్రములు మూడవవి. ఇన్ని యుండియు అక్కడ సైతము కొందరు పూర్వులు చేతికి చిక్కరు. పేరు మార్చుకొన్నవాడు, వయసు తగ్గించి చెప్పినవాడు, ఊరు విడిచి పోయినవాడు, పాదిరి చెవికి వేరుగా వినబడినవాడు ఏ చిట్టాలోను ఉండవలసినచోట ఉండడు. అట్టివానిని పట్టుటకు అక్కడి వంశశోధకులు చేయు పని యేమనగా, వానిని కొంతకాలము మరచి, వాని అన్నదమ్ములను, పొరుగింటివారిని, పెండ్లికి సాక్షులుగా నిలిచినవారిని వెంబడించుట. ఈ ఉపాయము ఇంగ్లండులో కంటె జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందే ఎక్కువ అక్కరకు వచ్చునని నా నమ్మకము. ఏలయన ఇచ్చట ఆ మూడు గ్రంథములును లేవు. నిజాము రాజ్యమున జనాభా లెక్క 1881లో మొదలైనది గాని, అందు మనకు మిగిలినవి అంకెలే, మనుష్యులు కారు. 1948 నాటి సెన్సస్ చట్టము ఇంటింటి పత్రములను పరుల కంటబడనీయదు. జనన మరణముల నమోదు దేశమంతటికి ఒకే చట్టముగా వచ్చినది 1969లో.

అందుచేత మనవాడు మొదట పట్టుకొనునది పేరు. మొదట మోసపోవునదియు పేరుచేతనే. వేములవాడ రాజన్నకు మ్రొక్కుకొని కనిన బిడ్డ రాజయ్య యగును, లేదా రాజవ్వ యగును. ధర్మపురి నరసింహుని దయవలన పుట్టినవాడు నర్సయ్య. కొండగట్టు అంజన్న పేరిట అంజయ్య. గోదావరి గంగ పేరిట గంగారాం, గంగవ్వ. పోచమ్మ పేరిట పోశయ్య, మల్లన్న పేరిట మల్లయ్య. తాత పేరు మనుమనికి పెట్టు ఆచార మొకటి దీనికి తోడు. ఒక్క వాడలో నలుగురు రాజయ్యలు, వారిలో ఇద్దరికి తండ్రి మల్లయ్య, ఆ మల్లయ్యలకు తండ్రులు మరల రాజయ్యలు! ఇట్టిచోట పేరొక్కటే పట్టుకొని కాగితములలో దూరినవాడు ఎవరి తాతనో తన తాతగా ఇంటికి తెచ్చుకొనును.

ఇంటిపేరు కొంత మేలు. అయినను అది కూడ తెగుచోటులు రెండున్నవి: దత్తత, ఇల్లరికము. మగసంతు లేని కాపుటింట అల్లుడు ఇల్లరికము వచ్చి మామగారి భూమి దున్నెననుకొందము. వాని కొడుకులను ఊరివారు ఆ భూమి పేరిటనో ఆ మామ ఇంటిపేరిటనో పిలువసాగుదురు. రెండు తరములు గడచునప్పటికి తండ్రివైపు ఇంటిపేరు ఆ ఇంట ఎవరి నోటను ఉండదు. మునిమనుమడు కోరుట్లలో కూర్చుండి తన ఇంటిపేరుగలవారి నందరిని విచారించును గాని, వెదుకవలసినది వాని ముత్తవ్వ పుట్టింటి గ్రామము కాక, ఆ ముత్తాత వచ్చిన గ్రామము. ఆ గ్రామము పేరు ఎక్కడ దొరకును? తరచుగా పెండ్లి సంబంధములలో. మేనరికములు వాడుకగా నున్న కుటుంబములలో ఆడపిల్లలు ఏ ఊరికి మరల మరల పోయినారో చూచినచో అల్లుడు వచ్చిన ఊరు బయటపడును. ముసలమ్మలనే అడుగవలెను, మగవారికి భూమి హద్దులు జ్ఞాపకముండును గాని వియ్యములు జ్ఞాపకముండవు. “మీ అత్తమ్మను యాడికెల్లి తెచ్చుకున్నరే అవ్వా?” అన్న ఒక్క ప్రశ్నకు వచ్చు జవాబు, “మీ ముత్తాత పేరేమి?” అన్న పది ప్రశ్నలకు రాదు.

ఇక కాగితములు. నిజాము కాలపు రెవెన్యూ శాఖ మనుష్యుని ఎరుగదు, వాని భూమిని ఎరుగును. సర్వే చేసి నెంబర్లు వేసినప్పుడు తయారైన సేత్వార్, ఏటేటి పహాణీలు, వసూల్ బాకీ, ఫైసల్ పట్టీ, వీటి తరువాత వచ్చి నేటివారు భూమి హక్కుకు మూలముగా చూపు 1954-55 ఖాస్రా పహాణీ: ఇవియే మన చర్చి చిట్టాలు. ఖాస్రా పహాణీలో ఒక వరుసను దగ్గరగా చూడుడు. సర్వే నెంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు పేరు, వాని తండ్రి పేరు, ఆ పక్కనే వేరొక గడిలో కబ్జాలో నున్నవాని పేరు. పట్టాదారు ఒకడు, కబ్జాదారు వేరొకడు అయినచో తొందరపడి అన్యుడని త్రోసివేయరాదు. అన్న పేరిట పట్టా యుండగా తమ్ముడు దున్నుట, మామ పేరిట ఉండగా అల్లుడు దున్నుట ఆ కాలమున సర్వసామాన్యము. పైన చెప్పిన ఇల్లరికపు అల్లుడు మొదట తలయెత్తునది ఈ గడిలోనే. పట్టాదారు చనిపోయి విరాసత్ జరిగినచో అదృష్టమే యనవలెను. ఆ ఫైలులో చనిపోయినవాని వారసులందరు, ఒక్కొక్కసారి భార్యతో సహా, పేరుపేరున కనబడుదురు. ఇనాము భూమి గలవారి అదృష్టము ఇంకను గొప్పది. పూజారికో, ఊరి చాకిరి చేయువానికో ఇచ్చిన మాన్యము ఒక తరము నుండి మరియొక తరమునకు మారునప్పుడెల్ల సర్కారు విచారణ జరిపెడిది. ఆ విచారణలో వంశవృక్షమును చూపించుట తప్పనిసరి.

ఈ కాగితముల భాష ఉర్దూ. పారసీకమునకు మారుగా ఉర్దూ 1880వ దశకమున హైదరాబాదు రాజభాష యైనది. ఆ లిపిలో, అందును గుమాస్తా వడివడిగా వ్రాసిన వ్రాతలో, తెలుగు పేరులు పడిన పాట్లు చెప్పనలవి కాదు. క కు గ కు తేడా పైని ఒక గీత మాత్రమే. ఆ గీతలు విడిచినచో గంగయ్య కనకయ్య యగును. బ కు ప కు తేడా చుక్కలే. అవి పడనిచో పోశయ్యను బోశయ్య అని చదువుకొనవచ్చును. కావున చదివి పెట్టువాడు ఉర్దూ వచ్చినవాడై యుండుట చాలదు, ఆ ఊరి పేరులు తెలిసినవాడై యుండవలెను. తండ్రి పేరుకు ముందు ‘వల్ద్’ అను మాట యుండును. దానిని గుర్తుపట్టుట నేర్చినవాడు సగము పుట దాటినట్లే.

తేదీలు మరియొక చిక్కు. కాగితములలో ఫసలీ సంవత్సరములుండును. అక్టోబరులో ఆజూరు మాసముతో మొదలగు హైదరాబాదు ఫసలీకి 590 చేర్చినచో అది ఆరంభమైన క్రీస్తుశకము వచ్చును, జనవరి మొదలగు నెలలకు 591 చేర్చవలెను. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు 1357 ఫసలీ తుదినెలలలోనిది. ఈ ఒక్కటి గుర్తుంచుకొన్నచో లెక్క తప్పదు. ఇండ్లలో మాత్రము ఫసలీ లేదు. “మా తాత ధాత కరువుల పుట్టిండట” అందురు. ధాత సంవత్సరము 1876-77లో వచ్చినది, మహాక్షామము అప్పటిదే. అరువది ఏండ్లకు మరల 1936-37లో వచ్చినది. కరువు అన్న మాట జారిపోయి ధాత మాత్రమే మిగిలినచో ఒక తరము కాదు, రెండు తరములు తలక్రిందులగును. అందుచేత సంవత్సరము పేరు చెప్పినవారిని వెంటనే మరొక గుర్తు అడుగవలెను: గత్తర వచ్చిన ఏడా, 1918 నాటి పెద్ద జబ్బు తరువాతనా, రజాకార్ల కాలమునకు పెండ్లి అయినదా కాలేదా?

ఇంతవరకు చెప్పినది కాగితము. ఈ ప్రాంతపు అసలు సంపద నోటిలో నున్నది. తెలుగునేలను పెక్కు కులములకు ఆ కులపు పుట్టుకను, గోత్రములను పాడి చెప్పు ఆశ్రితులున్నారు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడిగెలవారు, గొల్లలకు మందెచ్చులవారు, గౌడులకు గౌడజెట్టివారు, చాకలివారికి పటమువారు, మాదిగలకు డక్కలివారు. కాపులకు ఇంటిపేర్లును గోత్రములును ఏకరువు పెట్టు పిచ్చుకుంట్లవారు నేడు సర్కారు జాబితాలో వంశరాజ్ అను పేర నున్నారు. వృత్తికి తగిన పేరే. సిరిసిల్ల నేతవాడలో కూనపులివారు పటము కట్టిన రాత్రిని తలచుకొనుడు. చింతగింజల అంబలి, సుద్దమన్ను, జిగురు పట్టించిన ఖద్దరు బట్టపై చేర్యాల నకాషీలు వ్రాసిన ఎఱ్ఱని పటము, గడిగడికి ఒక ఘట్టముగా మార్కండేయుడు, భావనాఋషి, ఆయన నేసిన వస్త్రము. కథకుడు కట్టెతో ఒక్కొక్క బొమ్మను చూపుచు పాడును, వెనుక తాళము వేయువారు వంతపాట అందుకొందురు. పద్మశాలీలు తమకు నూటొక్క గోత్రములని చెప్పుకొందురు. కథ చివర ఇచ్చుకొన్నవారి గోత్రము, ఇంటిపేరు, పెద్దల పేర్లు చెప్పి దీవించుటతో ఆట ముగియును.

వంశశోధకునికి కథకంటె ఆ దీవెన ముఖ్యము. అంతకంటె ముఖ్యము మిరాశి. ఏ ఊళ్లలో త్యాగము, అనగా కులమువారిచ్చు కానుక, అడుగు హక్కు ఏ కథకుల కుటుంబమునకు చెందునో వారిలో వారికి ఏర్పాటున్నది; అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలమువలెనే ఊళ్లనుగూడ పంచుకొందురు. కావున సిరిసిల్లలో నేడున్న నేతవాని పూర్వులు వేరొక ఊరినుండి వచ్చినవారని తోచినచో, ఆ ఊరు ఎవరి మిరాశిలోనిదో కనుగొని వారి పెద్దను అడుగవలెను. ఇల్లు వదలిపోయిన కుటుంబమును ఊరు మరచును గాని, త్యాగము రావలసినవాడు మరువడు. వారి మాటలో లోపము లేకపోలేదు. బ్రతికియున్న వారినుండి మూడు తరములు చక్కగా చెప్పి, అక్కడినుండి ఒక్క గంతులో ఋషి పాదములకడ వాలుదురు. నడిమి తరములు ఎవరి గౌరవమునకును పనికిరానివి గనుక రాలిపోయినవి. పహాణీ వ్రాసిన పట్వారికి శిస్తు కావలెను, కథకునికి త్యాగము కావలెను. ఎవరికి ఏది కావలెనో దాని విషయమున వారు అబద్ధమాడరు, మిగిలినదానిలో పొరబడుదురు. ఈ రెండు సాక్ష్యములు కలిసినచోటనే నేను ఒక పేరును నమ్ముదును.

మూడవ సాక్షి తీర్థపురోహితుడు. గయలోను, కాశిలోను, త్ర్యంబకములోను పిండము పెట్టించు పండాలు ప్రాంతములను పంచుకొని, వచ్చినవాని ఊరు, తండ్రి తాతల పేర్లు బహీలలో వ్రాసికొందురు. హరిద్వారము బహీలను అమెరికాలోని యూటా వంశశాస్త్ర సంఘమువారు సూక్ష్మచిత్రములు తీయించిరి. కాశికి పోగలిగిన శక్తి గలవారు కొందరే. తక్కినవారికి ధర్మపురి గోదావరియే గయ.

ఊరు దాటినవాని సంగతి వేరు. బొంబాయి కామాఠీపురకు ఆ పేరు తెలంగాణమునుండి పోయిన కూలీల వలననే వచ్చినది. సిరిసిల్ల సాలెలు షోలాపురము, భీవండి మగ్గములకు పోయిరి. జగిత్యాల కోరుట్లల పిల్లలు గల్ఫుకు పోవుచున్నారు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మదరాసు కూలీలను డర్బన్‌లో దింపినప్పుడు ఒక్కొక్కని తండ్రి పేరు, ఊరు వ్రాసి పెట్టిరి. మారిషస్‌లో మహాత్మాగాంధీ సంస్థకడ వలస కూలీల ఛాయాచిత్రములు సైతము గలవు. బొంబాయికి రైలెక్కినవానిని ఎవరును వ్రాయలేదు. షోలాపురపు మార్కండేయ గుడిలోనో, కులసంఘపు చందా పుస్తకములోనో, మరల పెండ్లి సంబంధములలోనో వాని జాడ తీయవలెను.

కరీంనగరమునుండి జగిత్యాలకు పోవు త్రోవలో గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్టపై క్రీ.శ. 945 ప్రాంతమున జినవల్లభుడు చెక్కించిన శాసనమున్నది. సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును అందులోనివే. వేములవాడ అరికేసరి ఆస్థానకవియైన పంపని తమ్ముడు ఈతడు. తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బ, పూర్వుడు అభిమానచంద్రుడు అని ఆ బండ చెప్పుచున్నది. తల్లి పేరు కూడ చెక్కించినాడు. వేయి ఏండ్ల తరువాతి పహాణీలో ఆ గడియే లేదు. ఈ జిల్లాలలో వంశవృక్షము వ్రాయబూనినవారు తల్లుల పేర్లకు ఒక వరుస ముందుగానే గీసికొని, అది నిండువరకు ముసలమ్మల వద్దనుండి లేవకుందురు గాక. పట్వారి కాగితములు రేపటికిని ఉండును.