హనుమంతుని ఆడించువా డెవడు? - ఒక క్రీడావిమర్శనము

సంస్కృతమున గోష్పదమను నొక పదము కలదు. గోవు గిట్ట మోపిన చోట నేర్పడు గుంట యని దాని లోకప్రసిద్ధార్థము. ఆ పదసిద్ధికై పాణిని ప్రత్యేకముగ నొక సూత్రమునే రచించి, గోవులు తిరుగు చోటు, తిరుగని చోటు, పరిమాణము అను మూడర్థములను నిర్దేశించెను. వీనిలో పరిమాణార్థము రామకథాసంబంధమున మిక్కిలి ప్రసిద్ధిని బొందినది. శతయోజన విస్తీర్ణమగు సముద్రము హనుమంతునకు గోష్పదమాత్ర మయ్యెనని పెద్దలు చెప్పుదురు. నంద్యాల జిల్లా యందలి గోస్పాడు అను గ్రామనామము చెవిని బడగనే పండితులకు ఈ పదము స్మరణకు వచ్చుట సహజము. అయితే తెలుగు గ్రామనామములందు 'పాడు' అను నుత్తరపదము తఱచుగ గనబడుచుండుటచే ఆ వ్యుత్పత్తి నిర్ణయ మిచట నుద్దిష్టము కాదు. సముద్రమును గోష్పదముగ జేసిన మహావీరుని కథయే నేడు గోష్పదపరిమాణమగు తెరమీదికి వచ్చినది. గోస్పాడు వంటి పల్లెలందును బాలుర చేతులలో సెల్‌ఫోను తెర లున్నవి. ఈ కుదింపునందు నిలిచినదేమి, జాఱిపోయినదేమి యనునదియే ప్రకృతవిచారము.

వీడియో గేము అని వ్యవహరింపబడు క్రీడలలో వీరకథాప్రధానము లగునవి యొక జాతి. ఇవి తఱచుగ బొమ్మల ధారావాహికల నాశ్రయించి పుట్టును. హైదరాబాదునందలి గ్రీన్ గోల్డ్ సంస్థ నిర్మించిన 'ఛోటా భీమ్' 2008లో దూరదర్శనమాధ్యమమున ప్రసారమై బాలలోకమున వ్యాపింపగా, పిదప ఆ నాయకుని పేర సెల్‌ఫోను క్రీడలును వెలసినవి. 2009లో హైదరాబాదునందే అరోనా టెక్నాలజీస్ అను సంస్థ 'హనుమాన్: బాయ్ వారియర్' అను క్రీడను నిర్మించెను. సోనీ సంస్థవారు దానిని ప్లేస్టేషన్ 2 అను తమ యంత్రమునకై ప్రకటించిరి. ఆ యంత్రమునకై పూర్తిగ భారతదేశముననే నిర్మింపబడిన మొదటి క్రీడ యని దానికి ఖ్యాతి. అది యొక ధారావాహిక ననుసరించినది కాదు. నేరుగ పురాణనాయకునే గ్రహించినది. కావుననే దానిపై వచ్చిన వివాదమును ఛోటా భీముని క్రీడలపై వచ్చి యుండదు.

వివాద మేమన: అమెరికాలోని నెవాడా రాష్ట్రమున నుండు హిందూధర్మప్రచారకుడు రాజన్ జెడ్ ఆ క్రీడ నాక్షేపించి, దాని నుపసంహరింపవలెనని సోనీ సంస్థను గోరెను. భక్తులు పూజించు దేవుని, ఆటగాడు మీటలు నొక్కి తన యిచ్ఛ వచ్చినట్లు త్రిప్పుట అపచారమని యాతని వాదసారము. ఈ యాక్షేపమును భక్తిచాదస్తమని త్రోసివేయుట తగదు. ఇందు సూక్ష్మమగు శాస్త్రప్రశ్న యొకటి యిమిడి యున్నది. తెరపై దూకునది హనుమంతుడా, మీట నొక్కు బాలుడా? ఆ దూకుడునకు కర్త యెవడు?

ముందుగ తెలుగుదేశపు ఆచారమునే ప్రమాణముగ గొని చూడవచ్చును. ధర్మవరమునకు సమీపమున నున్న నిమ్మలకుంట తోలుబొమ్మల కలకు నేటికిని ప్రసిద్ధము. తోలుబొమ్మలాటయందు హనుమంతుని యవయవము లన్నియు ఆటగాని చేతిపుల్లల యధీనములు. అతడు చేయి యెత్తించిన నెత్తును, తోక యాడించిన నాడును. ఇట్లు తరతరములుగ దేవతలను పుల్లలతో నాడించినను దాని నపచారమని తెలుగువా రనలేదు; పైగా వానలకై, గ్రామక్షేమమునకై ఆడించుకొనిరి. కావున దేవుని రూపము నొకడు చేతితో నాడించుట యను నంశమాత్రముచే దోషము సిద్ధింపదు. దోషమే యున్నచో దానిని వేఱొక చోట వెదకవలెను.

ఆ వెదకుటకు వ్యాకరణమే దారి చూపుచున్నది. క్రియయందు స్వతంత్రుడు కర్త. ఆ కర్తను ప్రేరేపించువాడు ప్రయోజకుడు; ప్రేరితుడు ప్రయోజ్యకర్త. క్రియాసిద్ధియందు మిక్కిలి యుపకరించునది కరణము. 'దేవదత్తుడు గొడ్డలిచే నఱకెను', 'దేవదత్తుడు యజ్ఞదత్తునిచే నఱికించెను' అను వాక్యములను జూడుడు. గొడ్డలికిని యజ్ఞదత్తునకును ఒకటే విభక్తి. భేదము క్రియాపదమున మాత్రమే తెలియుచున్నది. గొడ్డలికి స్వవ్యాపారమున నిచ్ఛ లేదు. యజ్ఞదత్తుడో, ప్రేరితుడైనను తన నఱకుటయందు స్వతంత్రుడే. అతడు నఱకకున్నచో దేవదత్తుని ప్రేరణ వ్యర్థమగును. ఈ స్వాతంత్ర్యము నంగీకరించియే వైయాకరణులు ప్రయోజ్యునకు కర్తృత్వమును నిలిపిరి.

ఇపు డసలు ప్రశ్న తేటపడుచున్నది. క్రీడయందు హనుమంతుడు యజ్ఞదత్తుని వంటివాడా, గొడ్డలి వంటివాడా? తోలుబొమ్మలాటలో ఈ సంశయము లేదు. అచట ఆటగాడు పద్యమును జదువుచు, కథ చెప్పుచు, 'హనుమంతుడు సముద్రమును దాటెను' అని ప్రథమపురుషమున బలుకును. పుల్ల తన చేతనున్నను క్రియను హనుమంతునకే యర్పించును. వీడియో క్రీడయందు బాలుని మాట యట్లుండదు. సీమవాడుకలో బాలుడు 'నేను దూకితి' అనును. గుంటలో బడినపుడు 'నేను సచ్చిపోతి' అనును. 'దూకించితి' అనడు, 'హనుమంతుడు పడెను' అనియు ననడు. ఈ చిన్న క్రియాపదమునందు ఈ కళయొక్క రహస్య మంతయు నున్నది.

ఈ యుత్తమపురుష ప్రయోగమువలన రెండు ఫలములు తేలుచున్నవి. మొదటిది, ఆక్షేపకుల భయము నిలువదు. పతనమును బాలుడు తనకే యారోపించుకొనుచుండుటచే ఆ యపకీర్తి హనుమంతు నంటదు. రెండవది, మొదటిదానికంటె విచారకరము: పతనము నంటనివానిని విజయమును నంటదు. గెలుపు కలిగినపుడును బాలుడు 'నేను గెలిచితి' అనును. కావున హనుమంతున కపచారము జరుగలేదు కాని, హనుమంతు డక్కడ లేనేలేడు. తోకయు గదయు గల వేషము మాత్రము మిగిలినది. ఆ వేషమును విప్పి మఱియొక వీరుని వేషము తొడిగినను ఆటలో నేమియు మాఱదు. అట్లు మాఱనిచో నాయకుడు కరణమే గాని కర్త కాడు. విమర్శకులు దోష మనదగినది యిదియే.

ఈ దోషము కళకు సహజమా, పరిహార్యమా? పరిహార్యమే యనుటకు హనుమంతుని కథయే సాక్షి. బాల్యమున సూర్యుని ఫలమని యెంచి యెగిరి, వజ్రపుదెబ్బ తిని, దేవతలచే వరములు పడసి, ఋష్యాశ్రమముల నల్లరి చేసి, తన బల మితరులు స్మరింపజేయువఱకు తా నెఱుగకుండునట్లు శాపము బొందినవాడు హనుమంతుడు. కిష్కింధాకాండాంతమున వానరు లందఱును తమతమ దూకుడుల ప్రమాణములను జెప్పుకొనుచుండగా నతడొక్కడే మౌనముగ గూర్చుండెను. జాంబవంతుడు వచ్చి యాతని జన్మకథను జెప్పెను; అంతట నతడు పెరిగెను. ఇదియే శుద్ధమగు ప్రయోజకత్వము. జాంబవంతుడు ప్రేరేపించెను, దాటినవాడు హనుమంతుడు. 'నేను దాటితి' నని జాంబవంతు డెన్నడు ననలేదు.

ప్రపంచవాఙ్మయమున నితరవీరుల బలము వారియందే స్ఫురించుచుండును. ఇతరుడు గుర్తుచేసినగాని స్ఫురింపని బలము హనుమంతునిది. ఆటగాడు లేనిదే నాయకుడు కదలని కళకు ఇంతకంటె దగిన నాయకు డేడి? ఈ జాతి క్రీడలందు సామాన్యముగ బలము నాణెములవలె నేఱుకొనబడును, మీటతో వ్యయము చేయబడును. అది వర్తకుని బలము. మఱచుటయు, స్మరింపజేయబడుటయు క్రీడాసంవిధానమున జేరినపుడు ఆటగాడు జాంబవంతుని స్థానమున నిలుచును; నాయకుడు ప్రయోజ్యకర్తగ నిలిచి, ప్రేరకు డూహింపని దూరమునకు దూకగలడు. 2021లో వెలువడిన 'ది లెజెండ్ ఆఫ్ హనుమాన్' అను బొమ్మల ధారావాహిక ప్రథమభాగమున హనుమంతుడు మఱచిన తన దివ్యశక్తిని మరల నెఱుంగుటయే ప్రధానవస్తువు. చూచువారి కళ గ్రహించిన యా మర్మమును ఆడువారి కళ యింకను నెక్కువగ గ్రహింపదగి యున్నది.

ప్లేస్టేషన్ 2 యంత్రముల తయారి 2013లో నిలిచినది. 2009 నాటి యా వివాదమును మఱుగున బడినది. క్రీడలు మాత్రము నిలువలేదు. పాఠశాలాపండితులు వీనిని నిషేధించియు, ఉపేక్షించియు ప్రయోజనము లేదు. ఆడి వచ్చిన బాలుని 'దూకినవా డెవడు?' అని యడుగుట మేలు. వాడు 'నేను' అనినచో ప్రేరణార్థక పాఠమునకు అదియే తగిన సమయము: దూకు, దూకించు, దాటు, దాటించు. పిమ్మట జాంబవంతుని కథ చెప్పవచ్చును. గోష్పదమున నిలిచినది కొంచెపు నీరే యైనను ఆకాశము దానియందును ప్రతిఫలించును. ఆ ప్రతిబింబమును జూపువాడు ప్రక్క నుండవలెను.