తప్పులేని శాపము

మేఘసందేశమును పై తరగతి బాలురకు బోధించి, వెనువెంటనే జాషువ కవి గబ్బిలమును చదివించుట నాకు వాడుక. ఒకనాడొక బాలుడు లేచి, "అయ్యవారూ, యక్షునకు శాపమెందుకు వచ్చినదో కాళిదాసు చెప్పినాడు. వీనికెందుకు వచ్చినదో యీ కవి చెప్పలేదేమండీ?" అని యడిగెను. నేనప్పుడు తిన్నగా బదులు చెప్పలేకపోతిని.

1941లో వెలువడిన గబ్బిలమును గూర్చి మాటాడునప్పుడు మనము సాధారణముగా సందేశకావ్య లక్షణములను పోల్చి తృప్తిపడుదుము. మేఘమునకు బదులు గబ్బిలము, ప్రియురాలికి బదులు పరమేశ్వరుడు. పోలిక సరియైనదే. కాని యా బాలుని కన్ను పడినచోట మన కన్ను పడలేదు. యక్షుడు స్వామికార్యమున నేమఱినాడు, కుబేరుడు శపించినాడు, గడువొక యేడు. దుఃఖమునకు కారణము కలదు, అంతమును కలదు. లోకము న్యాయముగనే నడచుచున్నదను నమ్మకము చెడకుండగనే మనమతనితో కన్నీరు కార్చవచ్చును. అరుంధతీసుతునకు పుట్టుకయే శాపము. పూర్వకర్మమని చెప్పి నోరు మూయించుట కతడొప్పుకొనడు. కవి చెప్ప మఱచినది లేదు. చెప్పుటకు తప్పే లేదు.

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయమున నొక పుట్టుగ్రుడ్డి కనబడును. వీడిట్లు పుట్టుటకు పాపము చేసినది వీడా, వీని తలిదండ్రులా యని శిష్యులు గురువునడుగుదురు. అది మన యింటి ప్రశ్నయే గదా! ఇద్దరును కారని యేసు బదులు చెప్పి, చేయవలసిన పనిని గూర్చి మాటాడి, వానికి చూపు నిచ్చును. క్రైస్తవుడు లోకమును చూచు తీరునకు మూలమును పండితులు సృష్టివాదమునందును రక్షణవాదమునందును వెదకుదురుగాక; నాకు మాత్రమీ చిన్న సంభాషణయందే యున్నట్లు తోచును. బాధపడువానిని చూచి, వీడేమి చేసినాడని యడుగుట మాని, వీనికేమి చేయవలెనని యడుగుట యిందు మొదలైనది.

వినుకొండలో పుట్టిన జాషువ (1895–1971) ఆ యధ్యాయమును ముందు పెట్టుకొని కావ్యము వ్రాసినాడని నేననను. మొఱ పోయినది శివుని చెవికి. ఆకలియు నవమానమును నేర్పిన పాఠము, మతము నేర్పినదానికంటె తక్కువది కాదు. దేవుని నిలదీయుట క్రైస్తవుల సొత్తును కాదు. రామదాసు చెరసాలలో రాముని కడిగివేయలేదా? అయితే రామదాసు తాను చేయించిన నగల లెక్క చెప్పి యడిగినాడు. అరుంధతీసుతుని రెక్కల కష్టము దేశమునకు అన్నము పెట్టినది కాని, ఆ పద్దెవరును వ్రాసియుంచలేదు.

ఇంతమాత్రమున మన క్రైస్తవ సంఘము లా చూపును నిలుపుకొన్నవని చెప్పజాలము. గుడి గడపకడ నిలిపివేయబడినవారిని చర్చిలో వెనుకవరుసకు పంపిన చోట్లు కలవు. కులమును బట్టి సమాధులకు వేఱుస్థలము చూపిన చోట్లును కలవు. శ్మశానమున నెల్లరు సమానులని పద్యములు వ్రాసిన కవి దీనికేమనియుండునో!

జాషువ క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. ఆయన క్రైస్తవ దృష్టిని చూడగోరువారందఱు దానినే తెఱతురు. పద్యధార నిండైనదే. అచ్చట కవి తెలిసిన కథను భక్తితో చెప్పినాడు. ఆ కథ నేర్పిన కంటితో లోకమును చూచినది గబ్బిలమున. ఏసు పేరెత్తని యీ కావ్యమునే నేనధిక క్రైస్తవమందును. మిత్రులు కొందఱు దీనికి నవ్వుదురు, నవ్వనిండు. నేనెన్నిసారులు చదివినను, తాను పోలేని గుడిలోనికి తలక్రిందుగ వ్రేలాడు ఆ ప్రాణి నంపుచు, అర్చకుడు దాపున లేని తరుణము చూచి స్వామి చెవిలో మెల్లగా చెప్పుమని వేడుకొనుచోట పుస్తకము మూసి కొంతసేపూరకుందును.