పితామహుడి పక్కన ఎవరు?

భాగ్యరెడ్డి వర్మ జయంతి సభల్లో, సంస్మరణ సంచికల్లో ‘దళితోద్యమ పితామహుడు’ అన్న మాట తరచుగా వినబడుతుంది. గౌరవంతో అనే మాటే. కానీ పితామహుడు అనగానే ఒక వంశవృక్షం తయారవుతుంది. దాని కొమ్మలకు కొడుకులూ మనవలే కనబడతారు. తల్లులూ కూతుళ్ళూ ఏమయ్యారు?

1888 మే 22న హైదరాబాద్‌లో మాల కుటుంబంలో పుట్టిన మాదరి భాగయ్య, 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మాన్య సంఘం స్థాపించాడు. 1917లో బెజవాడలో జరిగిన మహాసభకు ఆయన అధ్యక్షుడు. ‘పంచమ’ అన్న పేరును తోసిపుచ్చి ‘ఆది ఆంధ్ర’ అన్న పేరు నిలబెట్టింది అక్కడే. పంచమ అంటే నలుగురి లెక్క అయ్యాక మిగిలినవాడు. ‘ఆది’ అంటే ఆ లెక్క కన్నా ముందున్నవాడు. 1931 జనగణనలో నిజాం రాజ్యం ‘ఆది హిందువుల’ను ఆ పేరుతోనే నమోదు చేసింది. పేరు మార్చుకోవడం రాజకీయ చర్య అని మనం సిద్ధాంతాలు చదివి తెలుసుకోకముందే ఆయన చేసి చూపించాడు.

ఇదే తరంలో, 1887లో జమైకాలో పుట్టిన మార్కస్ గార్వీ నల్లజాతికి తన చరిత్ర, తన సంస్థ, తన పత్రిక ఉండాలన్నాడు. వీళ్ళిద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 1914లో గార్వీతో కలిసి సంస్థకు పునాది వేసిన ఏమీ ఆష్‌వుడ్ పేరు చరిత్రలో ఉంది. 1924 నుంచి 1927 దాకా ‘నీగ్రో వరల్డ్’లో స్త్రీల పుట నడిపిన ఏమీ జాక్స్ పేరూ ఉంది. ఆ ఉద్యమంలో పితృస్వామ్యం లేదని కాదు. ఆ పుట మిగిలి ఉండబట్టే అక్కడి స్త్రీలు ఏమనుకున్నారో ఈనాటి పరిశోధకులు చదవగలుగుతున్నారు.

మన దగ్గర మిగిలిందేమిటి? జోగిని, బసివి, మురళి ఆచారాలకు వ్యతిరేకంగా భాగ్యరెడ్డి వర్మ చేసిన పోరాటం చిన్నది కాదు. దళిత ఆడపిల్లను దేవుడి పేరుతో ఊరి మగవాళ్ళకు అప్పగించే ఏర్పాటును ఆయన మతంగా ఒప్పుకోలేదు, హింసగా చూశాడు. జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1988లో. అంటే ఆయన శతజయంతి నాటికి. అయినా ఆ పోరాటాన్ని చెప్పుకునే తీరులో ఆమె ఎప్పుడూ కర్మగానే మిగిలింది: ఆమెను రక్షించారు, ఆమెకు పెళ్ళి చేశారు, ఆమెను సంస్కరించారు. ఆ వాక్యాలకు కర్త ఆమె కాలేదు.

ఆయన 1931లో మొదలుపెట్టిన ‘భాగ్యనగర్’ పత్రికలో వచ్చిన ‘వెట్టి మాదిగ’ను తొలి దళిత కథల్లో ఒకటిగా ఇవాళ గుర్తిస్తున్నాం. అదే పట్టుదలతో దళిత స్త్రీల రచనను 1921 నుంచి వెతికి తెచ్చిన సంకలనం గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’. ఆ పేరులో ‘నలుపు’ సిగ్గుపడాల్సిన రంగు కాదు, తెల్లవారబోయే పొద్దు. ఆ తర్వాత శ్యామల రాసిన టి.ఎన్. సదాలక్ష్మి జీవిత కథ ‘నేనే బలాన్ని’ 2011లో వచ్చింది. గుడి ఒకప్పుడు జోగినిగా స్వీకరించిన ఆడపిల్లల సమాజం నుంచి వచ్చిన స్త్రీ దేవాదాయ శాఖకు మంత్రి అయింది. భాగ్యరెడ్డి వర్మ వారసత్వానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఏముంది? కానీ ఆయన గురించిన వ్యాసాల్లో ఆమె పేరు అరుదు.

ఈ వంశవృక్షం కాగితం మీదే ఉండిపోదు. నేను పనిచేసే గచ్చిబౌలిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో, హాస్టల్ నుంచి వెలి అయిన ఐదుగురు దళిత విద్యార్థులు 2016 జనవరిలో వేసుకున్న శిబిరానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. 1917లో అవమానకరమైన పేరును విసిరికొట్టారు. ఇక్కడ అలాంటి పేరునే ఎత్తి పట్టుకుని అందరికీ కనబడేలా నిలబెట్టారు. రెండూ ఒకే వారసత్వం. జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాక చర్చ అతన్ని వెలివేసిన వాళ్ళ మీద నిలబడలేదు, అతని కులం మీదకు మళ్ళింది. తాను మాల స్త్రీనని, పిల్లల్ని ఒంటరిగా పెంచానని తల్లి రాధిక చెప్పింది. తండ్రి కులమే కొడుకు కులమని ఎదుటివాళ్ళ వాదన. బిడ్డ ఎవరి దగ్గర, ఏ పరిస్థితుల్లో పెరిగాడో చూడాలని రమేశ్‌భాయ్ దాభాయ్ నాయకా కేసులో సుప్రీం కోర్టు 2012లోనే చెప్పింది. అయినా తల్లి మాట సాక్ష్యంగా నిలవడానికి ఇంత యుద్ధం కావలసి వచ్చింది.

పితామహుల చరిత్రతోనే సరిపెట్టుకుంటే రాధిక లాంటి తల్లికి మన దగ్గర జవాబు ఉండదు. భాగ్యరెడ్డి వర్మను గౌరవించడమంటే ఆయన మొదలుపెట్టిన పేర్ల పోరాటాన్ని ముందుకు తీసుకుపోవడం. ఆయన బడుల్లో చదివిన ఆడపిల్లలెవరు? చాదర్‌ఘాట్ ఆది హిందూ భవన్ సభల్లో కూర్చున్న స్త్రీలెవరు? జోగిని బతుకును కాదని నిలబడిన మొదటి ఆమె ఎవరు? జవాబులు గ్రంథాలయాల్లో సగమే దొరుకుతాయి. మిగతా సగం బస్తీల్లో, ముసలమ్మల జ్ఞాపకాల్లో ఉంది. వాళ్ళు వెళ్ళిపోకముందే మనం అక్కడికి వెళ్ళాలి.