ఆటల పెట్టెలో నాలుగు గొంతులు

1989లో నింటెండో గేమ్‌బాయ్‌ని అమ్మింది ఆటల కోసం. నాలుగు పెన్సిల్ బ్యాటరీలు, పాలిపోయిన ఆకుపచ్చ తెర, అగ్గిపెట్టెలో పట్టేంత స్పీకరు. దాదాపు పదేళ్లకు, 1998లో, జర్మనీలో ఒలివర్ విట్‌చోవ్ దానికోసం నానోలూప్ అనే కార్ట్రిడ్జ్ తయారుచేశాడు. 2000లో స్వీడన్‌కు చెందిన యోహాన్ కోట్లిన్‌స్కీ లిటిల్ సౌండ్ డీజే రాశాడు. ఈ రెండింటిలోనూ గెలవడానికీ ఓడడానికీ ఏమీ లేదు. ఆ బటన్లు నొక్కుతూ పాట కట్టుకోవడమే.

ఈ సంగీతాన్ని చిన్ననాటి బెంగ అని తీసిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆట నడిచినన్నాళ్లూ గేమ్‌బాయ్‌లోని సౌండ్ చిప్ పాటకు పూర్తిగా దక్కనే లేదు. టెట్రిస్ మొత్తాన్ని, పాటలతో సహా, 32 కిలోబైట్లలో ఇరికించారు. ఆటల్లో బొమ్మ గెంతినా, బాంబు పేలినా ఆ చప్పుడు కోసం పాటలోంచి ఒక గొంతు లాక్కోవడం మామూలే. ఆట తప్పుకున్నాకే ఆ యంత్రం ఏం పాడగలదో తెలిసింది. టెట్రిస్‌కు అప్పట్లో సంగీతం కూర్చిన హిరోకాజు తనాకా కూడా చిప్ తనాకా అనే పేరు పెట్టుకుని 2017లో సొంత ఆల్బమ్ తెచ్చారు.

ఆ చిప్‌కున్న గొంతులు నాలుగే. మొదటి రెండూ పల్స్ తరంగాలు. ఒక్కో ఆవృత్తిలో తరంగం ఎంతసేపు పైన ఉండాలన్నది 12.5, 25, 50, 75 శాతాల్లో ఎంచుకోవచ్చు. 12.5 దగ్గర ముక్కుతో పాడినట్టు సన్నగా వస్తుంది. 50 దగ్గర బేసి హార్మోనిక్సే మిగులుతాయి కనుక పెళ్లి బ్యాండులోని క్లారినెట్ గుర్తొస్తుంది. 75 అంటే తలకిందులు చేసిన 25, చెవికి తేడా తెలియదు. నాలుగని చెప్పి మూడే ఇచ్చారన్నమాట! మూడోది వేవ్ చానల్. అందులో తరంగం ఆకారాన్ని మనమే గీసుకోవచ్చు: 32 గళ్లు, ఒక్కో గడికి 16 ఎత్తులు. నాలుగోది నాయిస్, ఉత్త బుస.

అసలు విద్య ఇక్కడ మొదలవుతుంది. పల్స్ చానల్ ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. స, గ, ప కలిపి వినిపించాలంటే మూడు చానళ్లూ అక్కడే ఖర్చయిపోతాయి. అందుకని ఒకే చానల్లో ఆ మూడింటినీ సెకనుకు అరవై మార్పుల దాకా వేగంతో తిప్పుతారు. చెవి వాటిని విడదీయలేక ఒకే మిలమిలలాడే స్వరగుచ్ఛంగా కలిపేసుకుంటుంది. 1982 నాటి కమొడోర్ 64 కంప్యూటర్‌లో ఉన్నవి మూడు గొంతులే. ఐరోపాలో దానికి ఆటల పాటలు కట్టినవాళ్లు ఈ కిటుకును తమ ముద్రగా మార్చుకున్నారు. డోలు దెబ్బ కావాలా? వేవ్ చానల్లో ఒక స్వరాన్ని పైనుంచి కిందికి క్షణంలో జార్చేస్తే ‘ధుమ్’ అంటుంది. బేస్ నడిచేదీ ఆ చానల్లోనే కాబట్టి దెబ్బ పడిన క్షణం బేస్ ఆగిపోతుంది. వినేవాడికి ఆ ఖాళీ తెలియదు సరికదా, దెబ్బ ఇంకా బరువుగా తోస్తుంది. నాయిస్‌కు ఉన్న రెండు రకాల్లో పొట్టిది 127 మెట్లకే తిరిగి మొదలవుతుంది. ఆ పునరావృతం వల్ల బుస కాస్తా లోహపు గణగణ అవుతుంది.

శ్రుతి దగ్గర మాత్రం చిప్ మొండికేస్తుంది. పల్స్ చానల్లో 1,31,072ను ఒక పూర్ణసంఖ్యతో భాగిస్తే వచ్చే హెర్ట్జ్‌లే దానికి తెలిసిన స్వరాలు. 220 హెర్ట్జ్ దగ్గర మెట్టుకూ మెట్టుకూ అర హెర్ట్జ్ తేడా కూడా ఉండదు, గమకం నున్నగా జారుతుంది. 3,500 దాటిన చోట ఒక్క మెట్టు దిగితే తొంభైకి పైగా పోతాయి, అంటే సుమారు అర స్వరస్థానం. అక్కడ గమకం వేయబోతే మెట్ల మీంచి దొర్లిపడ్డట్టే. మన రాగాలను దీనిమీద ప్రయత్నించేవాళ్లు మంద్ర, మధ్య స్థాయిలు దాటకపోవడమే మేలు.

మన ఊళ్లలో గేమ్‌బాయ్ అరుదు. 90ల్లో పిల్లలు టీవీకి తగిలించుకుని మారియో, కాంట్రా ‘క్యాసెట్లు’ ఆడిన పెట్టెల్లో చాలావరకు 1983 నాటి నింటెండో ఫామికామ్‌కు నకళ్లు. అలాంటి నకలు చిప్పుల్లో కొన్నింటికి ఒక చిత్రమైన లోపముంది: పల్స్‌లోని 25, 50 శాతాలు తారుమారయ్యాయి. స్వరాలు అవే, తాళం అదే, గొంతు మాత్రం వేరు. మనలో కొందరి చెవుల్లో ఇప్పటికీ మోగే మారియో పాట జపాన్ పిల్లలు విన్నది కాదు. ఆ తారుమారునే కోరి పాట కడితే తప్పేముంది?

ఇవన్నీ కంప్యూటర్ మీద నకలు చేయొచ్చు, నేర్చుకోవడానికి అదే చవక. అయినా చాలామంది 1989 మోడల్‌నే వెతుక్కుంటారు, దాని బేస్ తర్వాతి వాటికంటే దట్టం. మూత విప్పి, వాల్యూమ్ చక్రం దగ్గర, యాంప్లిఫయర్‌కు చేరకముందే సిగ్నల్‌ను పట్టి వైర్లు సోల్డర్ చేసి వేరే సాకెట్‌కు తీస్తారు. గుర్రుమనే రొద చాలా తగ్గుతుంది. పాత తరహా కార్ట్రిడ్జ్ కొనేవాళ్లకు ఇంకో మాట: మీ పాటలను నిలిపి ఉంచేది లోపలున్న బిళ్ల బ్యాటరీ. అది అయిపోతే పాటలన్నీ చెరిగిపోతాయి. పాట పూర్తయిన రోజే కంప్యూటర్‌లోకి ఒక కాపీ తీసుకోండి.