పేరు చెప్పని ఋణం: గ్రంథచౌర్యం, కాపీరైట్ బోధనపై ఒక విమర్శ

మన వేదాంత విద్యాలయాలలో పరిశోధనా పద్ధతుల తరగతి అనగానే అధస్సూచికలు ఎలా వ్రాయాలి, ఆధార గ్రంథాల పట్టిక ఏ వరుసలో ఉండాలి అన్న పాఠాలే ఎక్కువగా జరుగుతాయి. చివరిలో కాపీరైట్‌ను గూర్చి, గ్రంథచౌర్యాన్ని గూర్చి ఒకే హెచ్చరిక వినబడుతుంది. ఈ రెండింటినీ ఒకటిగా కలిపి బోధించడం వలన విద్యార్థి రెండింటినీ సరిగా గ్రహించలేకపోతున్నాడన్నదే ఈ వ్యాసం వాదన.

1. ఒక సిద్ధాంత గ్రంథం నేర్పే పాఠం

మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ 1955లో బోస్టన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు. పాల్ టిల్లిక్, హెన్రీ నెల్సన్ వీమన్‌ల దైవభావనలను పోల్చడం ఆయన పరిశోధనాంశం. ఆ గ్రంథంలో ఇతరుల వాక్యాలు ఉల్లేఖన చిహ్నాలు లేకుండా చేరాయని 1990లో ఆయన రచనలను పరిష్కరిస్తున్న పండితుల పరిశోధన ద్వారా వెల్లడైంది. అదే విశ్వవిద్యాలయంలో 1952లో జాక్ బూజర్ టిల్లిక్‌పై వ్రాసిన సిద్ధాంత గ్రంథం వాటికి ఒక ముఖ్యమైన మూలం. 1991లో విశ్వవిద్యాలయ కమిటీ గ్రంథచౌర్యం జరిగిందని నిర్ధారించింది. పట్టాను రద్దు చేయనక్కరలేదని, అయితే గ్రంథాలయ ప్రతికి ఈ సంగతి తెలిపే లేఖను జతచేయాలని సూచించింది.

ఇక్కడ మనం గమనించవలసినది, కింగ్ బూజర్ పేరును దాచలేదు. పీఠికలో ఆయన గ్రంథాన్ని ప్రస్తావించారు. ఆధార గ్రంథాల పట్టికలోనూ చేర్చారు. అయినా ఏ వాక్యం బూజర్‌దో, ఏది కింగ్‌దో పాఠకునికి తెలిసే మార్గం లేకపోయింది. పట్టికలో పేరుంటే చాలునన్న మన విద్యార్థుల నమ్మకం ఇక్కడ నిలువదు.

ప్రసంగీకులు ఒకరి మాటలు మరొకరు వాడుకోవడం నల్లజాతి సంఘాల ప్రసంగ సంప్రదాయమని, కింగ్ ఆ వాతావరణంలో పెరిగారని కొందరు పండితులు వివరించారు. ఈ వివరణలో సత్యముంది. కాని అది అలవాటు ఎక్కడినుండి వచ్చిందో చెబుతుందే గాని, పరీక్షకుల ముందు “ఇది నా పరిశోధన” అని ఉంచిన గ్రంథాన్ని సమర్థించలేదు. పైగా ప్రసంగవేదికకైనా పూర్తి మినహాయింపు ఉందా? ఒకరియొద్దనుండి ఒకరు మాటలు దొంగిలించే ప్రవక్తలకు దేవుడు విరోధి అని యిర్మీయా 23:30 హెచ్చరిస్తుంది. తనకు ముందు వ్రాసినవారు అనేకులున్నారని లూకా తన సువార్త మొదటనే ఒప్పుకొన్నాడు. ఏథెన్సులో పౌలు కూడా ఆ మాట వారి కవులదేనని చెప్పి వాడుకొన్నాడు.

2. చట్టం వేరు, సత్యం వేరు

1892లో మరణించిన స్పర్జన్ ప్రసంగాలకు నేడు కాపీరైట్ లేదు. వాటిని పేరు చెప్పకుండా వాడితే చట్టం అడ్డురాదు. అయినా అది గ్రంథచౌర్యమే. ఇందుకు భిన్నంగా, జీవించియున్న రచయిత గ్రంథమంతటినీ అనుమతి లేకుండా తెలుగులోనికి అనువదించి, ఆయన పేరు ముఖచిత్రంపై ముద్రించితే చౌర్యం లేదు గాని చట్టభంగం ఉంది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం అనువాద హక్కు కూడ గ్రంథకర్తదే. సాధారణంగా ఆయన మరణానంతరం 60 సంవత్సరాల వరకు ఆ హక్కు నిలుస్తుంది.

అదే చట్టంలోని 52వ సెక్షన్ పరిశోధనకు, విమర్శకు, తరగతి బోధనకు కొంత వెసులుబాటు ఇచ్చింది. పాఠ్యభాగాల ఫోటోకాపీ సంకలనాల వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు 2016లో ఈ వెసులుబాటును బోధనకు అనుకూలంగా వివరించింది. కనుక చట్టమంటే భయపెట్టి ఊరుకోవడం సరికాదు. అది అనుమతించే దానిని కూడ నేర్పాలి.

3. అనువాదపు ముసుగు

తెలుగులో వ్రాసే విద్యార్థికి అసలు శోధన ఇక్కడే ఉంది. ఆంగ్ల వ్యాఖ్యానంలోని పేరాను తెలుగులోనికి మార్చగానే అది తనదైపోయిందని అతడు నిజంగానే అనుకొంటాడు. మాటలు అతనివే, ఆలోచన, వాదక్రమం, ఉదాహరణలు మరొకరివి. 2018లో యు.జి.సి. తెచ్చిన నిబంధనలు పోలికను శాతాలలో కొలిచి, 10 శాతం వరకు శిక్ష లేదన్నాయి. పదాల పోలికను చూసే సాఫ్ట్‌వేర్‌కు అనువదించిన పేరా సులభంగా చిక్కదు. యంత్రం ఇచ్చిన సున్నా శాతాన్ని నిర్దోషత్వ పత్రంగా తీసుకొంటే, మనం నేర్పినది యథార్థత కాదు, పట్టుబడకుండుట.

బోధకులకు కూడ ఇక్కడ బాధ్యత ఉంది. బూజర్ గ్రంథాన్ని ఎరిగిన ఆచార్యుడే కింగ్‌కు మార్గదర్శిగా ఉన్నా పోలిక బయటపడలేదు. మూల గ్రంథంలోని ఒక పేరాను, విద్యార్థి వ్రాసినదానిని ప్రక్క ప్రక్కన ఉంచి కలిసి చదవడం మొదటి సంవత్సరంలోనే జరగాలి. తన తరగతి నోట్సు ఏ గ్రంథంనుండి వచ్చిందో ఉపాధ్యాయుడే ముందు చెప్పాలి. ఆయన నోట్సులో మూలాల పేర్లు లేనప్పుడు విద్యార్థి వ్యాసంలో వాటిని వెదకడం న్యాయమా?

గ్రంథచౌర్యాన్ని ఎనిమిదవ ఆజ్ఞ క్రిందనే చర్చించడం మనకు అలవాటు. తొమ్మిదవ ఆజ్ఞ కూడ ఇక్కడ వర్తిస్తుంది. తనది కాని దానిని తనదని పాఠకునికి చెప్పడం అబద్ధ సాక్ష్యమే. రేపు సంఘం ఎదుట నిలిచి సాక్ష్యమియ్యవలసినవారు నేడు అధస్సూచికలోనే ఆ యథార్థతను అభ్యసించాలి.