సెలోపెహాదు కుమార్తెల వాటా

తౌరాత్ భాగాలలో స్త్రీల వారసత్వం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా తెలుగునాట రెండు రకాల పఠనాలు వినిపిస్తుంటాయి. చర్చి ప్రసంగాలలో సంఖ్యాకాండం 27వ అధ్యాయం చదివి, దేవుడు ఆనాడే ఆడబిడ్డలకు ఆస్తి ఇచ్చాడని చెప్పి ముగిస్తారు. మన వైపు ప్రసంగాలలో, కరపత్రాలలో ఆ అధ్యాయం ఊసే ఉండదు. పూర్వ గ్రంథాలు స్త్రీని ఆస్తికి దూరంగా ఉంచాయనీ, ఇస్లాం వచ్చాకనే ఆమెకు వాటా దక్కిందనీ ఒక్క వాక్యంలో తేల్చివేస్తారు. రెండూ సగం చదువులే. రామగుండం, గోదావరిఖని బొగ్గు ప్రాంతంలో ఈ సగం చదువు వల్ల జరిగే నష్టం తక్కువది కాదు. ఇక్కడ తండ్రి తర్వాత ఎవరికేమిటన్న ప్రశ్న గని కార్మికుల ఇళ్లలో ఏదో ఒకనాడు తలెత్తేదే.

ముందు మూలం చూద్దాం. మనష్షే గోత్రికుడు సెలోపెహాదు అరణ్యంలో చనిపోయాడు. కుమారులు లేరు. అయిదుగురు కుమార్తెలు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. వీరు ప్రత్యక్షపు గుడారపు వాకిట మూసా (అ) ఎదుట, యాజకుని ఎదుట, ప్రధానుల ఎదుట, సర్వసమాజం ఎదుట నిలబడి అడిగారు. కుమారుడు లేనంత మాత్రాన తమ తండ్రి పేరు వంశంలో ఎందుకు అంతరించాలన్నది వారి వాదం. ఇక్కడొక విషయం గమనించాలి. అప్పటికి కనాను దేశంలో వారికి అడుగు నేల కూడా లేదు. ఇంకా చేతికి రాని భూమిలో వాటా అడుగుతున్నారు. వాగ్దానం నిజమవుతుందని నమ్మనివారు అలా అడగరు. ఈ కథలో విశ్వాసం హక్కును అడిగే నోటితోనే పలుకుతుంది. విశ్వాసమున్న స్త్రీ అడగదు, సర్దుకుపోతుంది అని బోధించేవారు, వారు ఏ మతంవారైనా, ఈ ఘట్టం దగ్గర కొంచెం ఆగాలి.

మూసా (అ) సొంతంగా తీర్పు చెప్పలేదు. వ్యవహారాన్ని అల్లాహ్ సన్నిధికి నివేదించారు. వారు చెప్పింది సరియేనని జవాబు వచ్చింది. హెబ్రీ మూలంలో క్రియాపదాలను గమనిస్తే మరో సంగతి తెలుస్తుంది. సోదరులకూ, పినతండ్రులకూ వారసత్వం చెందే సందర్భంలో 'ఇచ్చుట' అనే క్రియ ఉంది. కుమార్తెకు చెందే సందర్భంలో మాత్రం 'దాటించుట' అనే అర్థమిచ్చే క్రియ వాడారు. యూదు పండితులు ఈ తేడాను చాలా పూర్వమే పట్టుకున్నారు. కుమార్తె చేతికి వచ్చిన భూమి పెళ్లితో మరో గోత్రానికి దాటిపోతుంది అన్న ఎరుక ఆ ఒక్క మాటలో ఉంది. తెలుగు బైబిలు ఈ వారసత్వాన్ని 'స్వాస్థ్యము' అంటుంది. ఆ సంప్రదాయంలో పెరగని పాఠకుడికి ఆ మాట ఆరోగ్యాన్నే తోపిస్తుంది. 'వాటా' అని ఉంటే మన ఇళ్ల ఆడవాళ్లకు కథ ఇంకొంచెం సూటిగా తగిలేదేమో! అయితే స్వాస్థ్యం అన్నది గోత్రానికి అంటిపెట్టుకున్న నేల, అమ్ముకుతినే సొత్తు కాదు. 'వాటా' అన్న మాటకు ఆ బరువు లేదన్నది అనువాదకుల పక్షాన చెప్పవలసిన మాట.

దాటిపోతుందన్న ఆ భయమే 36వ అధ్యాయానికి మూలం. గోత్రపు పెద్దలు వచ్చి అభ్యంతరం చెప్పారు. అప్పుడు తీర్పుకు ఒక షరతు చేరింది: ఆ కుమార్తెలు తమకు ఇష్టమైనవారినే పెళ్లాడవచ్చు, కాని తండ్రి గోత్రంలోనే. అయిదుగురూ పినతండ్రుల కుమారులను చేసుకున్నారు. అంటే, ఏ సోదరుల చేతికి భూమి పోరాదని అడిగారో వారి ఇళ్లకే అది తిరిగి చేరింది. 27వ అధ్యాయంతో ఆపివేసే ప్రసంగం ఈ ముగింపును దాచిపెడుతోంది. ఆ షరతు ఒక్క తరానికే పరిమితమన్న వ్యాఖ్యానం తల్మూదులో ఉంది. గోత్రాల మధ్య వివాహాలకు అనుమతి దొరికిన రోజు ఉత్సవదినమయిందనీ అందులోనే ఉంది. ఆ కంచె ఎంత బరువుగా ఉండేదో ఆ ఉత్సవమే చెబుతుంది.

ఇక మన వైపు సంగతి. ఉహుద్ యుద్ధంలో, హిజ్రీ 3లో (క్రీ.శ. 625), హజ్రత్ సఅద్ బిన్ రబీ (ర) అమరులయ్యారు. ఇద్దరు కుమార్తెలు. వారి పినతండ్రి ఆస్తినంతా తీసుకున్నాడు. సఅద్ భార్య ఆ ఇద్దరినీ వెంటబెట్టుకొని దైవప్రవక్త (స) వద్దకు వచ్చి ఫిర్యాదు చేసింది. అల్లాహ్ దీనిలో తీర్పు ఇస్తాడని ప్రవక్త (స) సెలవిచ్చారు. వారసత్వపు ఆయత్ అవతరించింది. కుమార్తెలకు మూడింట రెండు వంతులు, తల్లికి ఎనిమిదవ వంతు, మిగిలింది నీకు అని పినతండ్రికి ఆదేశం వెళ్లింది. 24 భాగాలు చేస్తే 16, 3, 5. హజ్రత్ జాబిర్ (ర) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలో ఉంది.

రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టండి. కొడుకు లేని తండ్రి, ఆస్తి కోసం వరుసలో నిలిచిన అతడి సోదరులు, నోరు తెరిచిన స్త్రీలు, తీర్పు కోసం వహీ వైపు చూసిన ప్రవక్త. ఇంత దగ్గర పోలికను పక్కనబెట్టి, పూర్వగ్రంథంలో ఏమీ లేదనడం పాండిత్యం కాదు. తేడాలు చెప్పాలంటే బలమైనవే ఉన్నాయి. సంఖ్యాకాండంలో కుమారుడు ఉంటే కుమార్తెకు ఏమీ లేదు. ఖుర్ఆన్‌లో కుమారుడి పక్కనే, అతడి వాటాలో సగమైనా, ఆమె నిలబడుతుంది. అక్కడి వారసుల వరుసలో భార్య పేరే లేదు. ఇక్కడ ఆమె వాటా నిర్ణీతం. అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడ పెళ్లి కంచె లేదు. ఎవరిని చేసుకున్నా వాటా ఆమెదే. కొద్దిదైనా ఎక్కువైనా అది విధిగా నిర్ణయించిన వాటా అని అన్నిసా 7వ ఆయత్ చెబుతోంది.

అయితే గ్రంథంలో లేని కంచెను మనం ఆచారంలో వేసుకున్నాం. బొగ్గు ప్రాంతంలో స్వాస్థ్యమంటే భూమి కన్నా ముందు ఉద్యోగం. కార్మికుడు మరణించినా, మెడికల్ అన్‌ఫిట్ అయినా ఆశ్రితులకు ఉద్యోగం దొరుకుతుంది. జాతీయ బొగ్గు వేతన ఒప్పందాలలో ఆశ్రితులంటే ఎవరో చాలాకాలం ఇలా రాసి ఉంచారు: భార్య లేక భర్త, అవివాహిత కుమార్తె, కుమారుడు, దత్తపుత్రుడు. వీరెవరూ లేకుంటే సోదరుడు, వితంతువైన కుమార్తె లేక కోడలు, కార్మికుడి ఇంట్లోనే ఉంటున్న అల్లుడు. పెళ్లయి భర్త బతికి ఉన్న కుమార్తె ఆ జాబితాలో లేదు, కాని ఆమె భర్త ఉన్నాడు! మన ఇల్లరికం అల్లుడే ఒప్పందపు కాగితంలోకి వచ్చి కూర్చున్నాడు. బైబిలులోనూ అతడున్నాడు. కుమారులు లేని షేషాను తన కుమార్తెను యర్హా అనే ఐగుప్తు దాసునికిచ్చి వంశం నిలుపుకున్నట్టు మొదటి దినవృత్తాంతాలలో ఉంది. 'అవివాహిత' అన్న షరతు చెల్లదని 2016లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు బొగ్గు పరిశ్రమకు చెందిన ఒక కేసులో చెప్పింది. 1985 నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ సవరణ కూడా అప్పటికే పెళ్లయిన కుమార్తెలను మినహాయించింది. 2005 కేంద్ర సవరణ వచ్చేదాకా ఆ గీత చెరగలేదు. గోత్రపు పెద్దల అభ్యంతరం ఎక్కడెక్కడ దాగి ఉంటుందో చూడండి.

ఫిఖ్హ్ ప్రకారం కారుణ్య ఉద్యోగం తరికా కాదు. అది మృతుడి సొత్తు కాదు, సంస్థ ఇచ్చేది. సింగరేణి వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసినప్పుడు కూడా ఉద్యోగం వంశపారంపర్యపు ఆస్తి కాదన్నదే సారాంశం. కనుక అన్నకు ఉద్యోగం వస్తే చెల్లెలు అందులో వాటా అడగలేదు. సరే. కాని ఇల్లు, బ్యాంకులో సొమ్ము, తండ్రి జీతం నుంచి జమయిన ప్రావిడెంట్ ఫండ్ తరికాలోనివే. ఉద్యోగం చేసి ఇంటిని పోషించేది వాడే కదా అన్న మాటతో వీటి మీద కూడా అక్కచెల్లెళ్ల సంతకాలు తీసుకుంటున్నాం. దానికి 'మాఫ్ చేసింది' అని పేరు పెడుతున్నాం. వారసుడు నా హక్కు వదిలేశాను అన్నంత మాత్రాన వాటా రద్దు కాదని హనఫీ ఫిఖ్హ్ స్పష్టంగా చెబుతోంది. ముందు వాటా తెలిపి చేతికివ్వాలి. ఆ తరువాత ఆమె ఇష్టపడితే అది దానం. లేదా ఇంత పుచ్చుకొని తప్పుకుంటానని తెలిసి ఒప్పుకుంటే తఖారుజ్. పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో పెట్టిన వేలిముద్ర ఈ రెండింటిలో ఏదీ కాదు. కరపత్రంలో సంఖ్యాకాండాన్ని ఓడించి, ఇంట్లో 36వ అధ్యాయం కన్నా ఇరుకైన కంచె కట్టడం ఏ విధంగా సమంజసం? సెలోపెహాదు కుమార్తెలకు కనీసం భూమి దక్కింది.

అదీ అంత సులువుగా దక్కలేదు. యెహోషువ 17వ అధ్యాయంలో ఆ అయిదుగురూ మళ్లీ కనిపిస్తారు. మూసా (అ) లేరు, దేశం పంచుతున్నారు. యాజకుడైన ఎలియాజరు, యెహోషువల ఎదుటికి వెళ్లి, మాకు ఇమ్మని ఆజ్ఞ ఉంది కదా అని గుర్తు చేశారు. దైవాజ్ఞ వెలువడిన తరువాత కూడా అడగవలసి వచ్చింది. అప్పుడు మనష్షేకు వచ్చిన భాగాలు పది. 1910లో సమరియ తవ్వకాలలో దొరికిన, క్రీ.పూ. 8వ శతాబ్దపు కుండపెంకుల మీద ద్రాక్షారసం, నూనె ఏ ప్రాంతం నుంచి వచ్చాయో సిరాతో రాసి ఉంది. మనష్షే ప్రాంతాల పేర్లలో రెండు నోయా, హొగ్లా.